తప్పు ఎక్కడుంటుంది?

మంచిచెడులకు పునాది ఏమిటన్న ప్రశ్న ఈ నెల ఉత్తరాల్లో ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ వచ్చింది. ఆరింటికి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న (ప్రొద్దుటూరు): నేను డిగ్రీ రెండో సంవత్సరం. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా నాయనేమో, "దేవుడే లేకపోతే దొంగతనం తప్పని చెప్పేదెవరు? ఎవడికి తోచింది వాడు చేసుకోవచ్చు" అంటాడు. అది సరికాదని అనిపిస్తుంది గానీ ఎందుకు సరికాదో చెప్పలేకపోతున్నా.

జవాబు: మీ నాయన మాటలో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. తప్పని మనకు తెలిసేదెలా? తెలిసినా చేయకుండా మనల్ని ఆపేదేమిటి? అసలు అది తప్పు కావడానికి కారణమేమిటి? ఇంట్లో వాదన తెగకపోవడానికి కారణం, ఆయన రెండోదాని గురించి మాట్లాడుతుంటే మీరు మూడోదానికి జవాబు చెప్పడం. ముందు ముడి విప్పుకోండి.

మూడో ప్రశ్న దగ్గర మీ నాయన వాదం బలహీనం. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీసు భక్తి గురించి వేసిన ప్రశ్నను దొంగతనానికి మారిస్తే ఇలా ఉంటుంది: దేవుడు వద్దన్నాడు కాబట్టి దొంగతనం తప్పయిందా, తప్పు కాబట్టే దేవుడు వద్దన్నాడా? మొదటిదే నిజమైతే, రేపు ఆయన 'చేయండి' అంటే దొంగతనం ఒప్పయిపోవాలి. 'దేవుడు మంచివాడు' అన్న మాటలోనూ సారం ఉండదు. 'దేవుడు తాను చెప్పినట్టు చేస్తాడు' అన్నంత అర్థమే మిగులుతుంది. ఏ భక్తుడూ ఆ అర్థంతో దణ్ణం పెట్టుకోడు. రెండోది నిజమైతే, ఆయన చెప్పకముందే అందులో తప్పు ఉంది.

చదువుకున్న భక్తులు మూడో దారి ఒకటి చూపిస్తారు. మంచి అనేది దేవుడి ఆజ్ఞలో కాదు, దేవుడి స్వభావంలోనే ఉందంటారు. ఇది మొదటి రెండింటికన్నా గట్టి వాదం, తేలిగ్గా తీసేయకండి. కానీ అదే ప్రశ్న ఇక్కడా పుడుతుంది: దయ దేవుడి స్వభావంలో ఉంది కాబట్టి మంచిదా, మంచిది కాబట్టే ఆ స్వభావాన్ని మనం కొలుస్తున్నామా?

వేదవిధుల అర్థాన్ని విచారించే మన పూర్వమీమాంసకులు దీన్ని వేరే వైపు నుంచి పట్టుకున్నారు. 'చోదనాలక్షణోఽర్థో ధర్మః' అని వాళ్ల మూలసూత్రాలు రాసిన జైమిని నిర్వచనం. విధివాక్యం వల్ల తెలిసే శ్రేయస్సే ధర్మం అని దాని భావం. వాళ్ల లెక్కలో ఆ వాక్యాన్ని ఎవరూ రాయలేదు, దేవుడు కూడా. సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని వాళ్లలోనే ఒకడైన కుమారిల భట్టు ఖండించాడు. జైనులు, బౌద్ధులు సృష్టికర్తను ఒప్పుకోకుండానే నీతిని కఠినంగా పాటించారు. అయితే మీమాంసకులను మీ పక్షాన కలుపుకోకండి. వాళ్లకు ప్రమాణం వేదం, మన బుద్ధి కాదు. 'దేవుడు లేకపోతే ధర్మం లేదు' అనేది మన పండితులంతా ఒప్పుకున్న మాట కాదని చెప్పడానికి మాత్రం వాళ్లు సాక్ష్యం.

ఇక మీ నాయన గెలిచేచోటు ఒకటుంది. మోసం చేసినవాడు మేడ కట్టి, మనవళ్లను ఎత్తుకొని, మంచం మీద ప్రశాంతంగా పోతాడు. ఆ లెక్క సరిచేసేదెవరు? కర్తవ్యానికి దేవుడు పునాది కాడన్న జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా, ధర్మం తప్పనివాడికి సుఖం ఎక్కడో దక్కుతుందన్న ఆశ నిలవాలంటే దేవుణ్ణి, ఆత్మ అమరత్వాన్ని అంగీకరించక తప్పదని 1788లో రాశాడు. దేవుణ్ణి నమ్మనివారు కొన్ని లెక్కలు ఎప్పటికీ తేలవని ఒప్పుకోవాలి. ఆ సంగతి మీ నాయనతో మీరే ముందు అనండి. వాదన మెత్తబడుతుంది.

ప్రశ్న (కళ్యాణదుర్గం): మా చీనీ తోటలో 400 అడుగుల బోరు, రెండు ఇంచుల నీళ్లు వచ్చేవి. పక్క చేను ఆయన 800 అడుగులు వేయించినాక మాది ఆగిపోయింది. అడిగితే, "భూమి నాది, దాని కింద నీళ్లు నావి. నీ బోరు ఎండడం ప్రకృతి. ఇందులో తప్పేముంది?" అంటాడు. ఇది తప్పని సైన్సుతో నిరూపించొచ్చా?

జవాబు: సైన్సు ఒక్కదానితోనే కాదు. అయితే మీరు ఆగిపోయినచోటే ఆయనా ఆగిపోతాడు.

సైన్సు తేల్చగలిగింది ఇది: మోటారు నడిచేకొద్దీ బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా కిందికి వంగుతుంది. రాతినేలలో నీళ్లు పగుళ్లలో ఉంటాయి కాబట్టి ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే ఒకటి రెండోదాన్ని లాగేస్తుంది. ఆయన మోటారును కొన్ని గంటలు ఆపకుండా నడిపి, మీ బోరులో మట్టాన్ని విడతలవారీగా కొలిస్తే సంబంధం ఉందో లేదో బయటపడుతుంది. ఈ కొలత తప్పక చేయించండి. సంబంధమే లేకపోతే మిగతా వాదనంతా వృథా.

సంబంధం ఉందనే అనుకుందాం. 'ఆయన తోడడం వల్ల మీ బోరు ఎండింది' అనేది జరిగిన సంగతి. 'ఆయన అలా తోడకూడదు' అనేది వేరే రకం వాక్యం. ఉన్నదాన్ని వర్ణిస్తూ వర్ణిస్తూ రచయితలు ఉన్నట్టుండి 'ఉండాలి'లోకి జారిపోతారని, ఆ జారుడుకు కారణం చెప్పరని స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739-40లో అచ్చయిన గ్రంథంలో ఎత్తిచూపాడు. నీతి అబద్ధమని ఆయన అనలేదు. దాని వేరు తర్కంలో కాక మనిషి అనుభూతిలో ఉందన్నాడు. కారణం చెప్పకుండా మెట్టు దాటేయొద్దన్నదే ఇక్కడ మనకు పనికొచ్చేది.

కాగితం తీసుకొని మీ వాదనను వరసకొక వాక్యంగా రాయండి. 'ఆలి', 'కూడదు', 'రాదు', 'వచ్చు' ఉన్న వాక్యాల కింద గీత గీయండి. చివరి వాక్యం కింద గీత పడి, పైవాటిలో ఒక్కదానికీ పడకపోతే మధ్యలో ఒక మెట్టు దాచేశారన్నమాట. మీ వాదనలో దాగిన మెట్టు: 'గట్టి అవసరం లేకుండా ఇంకొకరి బతుకుతెరువు పోగొట్టకూడదు.'

ఇప్పుడు ఆయన వాదన. 'భూమి నాది' కింద గీత లేదు. 'కాబట్టి తోడుకోవచ్చు' కింద పడింది. ఆయన దాచింది: 'నా నేల కింద దొరికేది, ఎవరికి ఏమైనా సరే, నేను తీసుకోవచ్చు.' ఈ వాక్యాన్ని ఆయన ముందు పెట్టి, అటువైపు రైతు రేపు 1,200 అడుగులు వేయిస్తే కూడా ఇదే మాట మీద నిలబడతారా అని అడగండి. నిలబడితే ఆయనది కఠినమైన సూత్రం, అయినా సూత్రమే. నిలబడకపోతే ఆయన చెబుతున్నది సూత్రం కాదు, తనకు కలిసొచ్చిన మాట.

2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లకు అనుమతులు, నియమాలు పెట్టింది. ఆ దారి మీకు వేరుగా ఉంది, వెళ్లండి. తప్పు చట్టంతోనే పుడుతుందని మాత్రం అనుకోకండి. అలాగైతే 2002కు ముందు పక్కవాడి బావి ఎండగొట్టడం తప్పు కాదనాలి. తప్పని జనానికి తెలిసి, అలాంటి తగవులు ముదిరాకే చట్టం అవసరమైంది.

ఇంకో మాట, మన భాష గురించి. 'ఆలి' అనే ముక్క మూడు పనులు చేస్తుంది. 'ఈపాటికి బస్సు రావాలి' అంటే అంచనా. 'కాపు నిలవాలంటే నీళ్లు పెట్టాలి' అంటే షరతు. కాపు అక్కర్లేదంటే ఆ 'ఆలి' కూడా పోతుంది. 'మాట నిలబెట్టుకోవాలి' అన్నదాంట్లో షరతు లేదు. ఎవరికి ఇష్టం ఉన్నా లేకున్నా వర్తిస్తుంది. షరతు ఉన్నదీ లేనిదీ వేరని కాంట్ 1785లో గీత గీశాడు. మీ పక్కాయన 'నాకు మీతో పొత్తు అక్కర్లేదు, కాబట్టి మీ మాట వినక్కర్లేదు' అంటే మూడో 'ఆలి'ని రెండోదిగా మార్చేస్తున్నాడు. అక్కడే పట్టుకోవాలి.

ప్రశ్న (కడప): నీతి అనేది పరిణామక్రమంలో గుంపుగా బతకడానికి వచ్చిన అలవాటు అంటారు. అలాగైతే అది ఉత్త భ్రమే కదా?

జవాబు: ఒక నమ్మకం ఎలా పుట్టిందన్నది ఒకటి, అది నిజమా కాదా అన్నది ఒకటి. లెక్కపెట్టే శక్తి కూడా పరిణామంలోనే వచ్చింది. అయినా రెండూ రెండూ నాలుగే. మీ వాదన నెగ్గాలంటే ఇంకొకటి చూపాలి: నీతి విషయంలో నిజం ఎలా ఉన్నా పరిణామం మనకు ఇవే నమ్మకాలు ఇచ్చి ఉండేదని. అమెరికా తత్వవేత్త షారన్ స్ట్రీట్ 2006లో సరిగ్గా ఈ దారిలోనే వాదించారు. అది బలమైన వాదనే. కానీ అది కొట్టేది మనసులతో సంబంధం లేకుండా నీతిసత్యాలు ఎక్కడో ఉన్నాయనే వాదాన్ని. 'నొప్పి అనుభవించేవాడికి దాన్ని వద్దనుకునే కారణం ఉంది' అన్న మాట ఆ దెబ్బకు పడదు.

ప్రశ్న (కర్నూలు): ఒక్కో కులానికి, దేశానికి, కాలానికి ఒక్కో ధర్మం. ఎవరిది వారికి సరి. ఇంకొకరిది తప్పనే హక్కు మనకెక్కడిది?

జవాబు: ఆచారాలు వేరుగా ఉన్నాయంటే సూత్రాలూ వేరని కాదు. ఒకచోట చనిపోయినవారిని కాలుస్తారు, ఒకచోట పూడుస్తారు. పోయినవారికి గౌరవం చేయాలన్నది రెండుచోట్లా ఉంది. ముందు ఈ రకం తేడాలను పక్కకు తీసేయండి. చాలా పోతాయి. కొన్ని నిజమైన తేడాలు మిగులుతాయి.

వాటికోసం మీ జిల్లాలోనే ఉన్న ఎర్రగుడి బండల దాకా వెళ్లి రండి. పత్తికొండ, గుత్తి మధ్య. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. మొదటిది రాజుగారి వంటశాల గురించి. పూర్వం రోజూ లక్షలాది జీవాలను చంపేవారట. ఈ శాసనం రాయించే నాటికి అవి మూడుకు తగ్గాయి: రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడి కూడా రోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటినీ చంపబోమంటాడు. పదమూడోది కళింగ గురించి. లక్షా యాభై వేల మందిని చెరపట్టి తీసుకుపోయామని, లక్షమంది చచ్చారని, దానికి తాను కుమిలిపోతున్నానని చెప్పుకున్నాడు. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ పదమూడోదాన్ని చెక్కించలేదు. ఎర్రగుడిలో చెక్కించాడు. దెబ్బతిన్నవారికి కనిపించని పశ్చాత్తాపాన్ని ఎలా తూచాలన్నది వేరే పెద్ద చర్చ.

మీ సిద్ధాంతం ఈ రాళ్ల దగ్గర తట్టుకుంటుంది. ఎవరి కాలానిది వారికి సరి అయితే, నిన్నటి అశోకుడిదీ సరే, నేటి అశోకుడిదీ సరే. అతను మారాడనవచ్చు గానీ మెరుగుపడ్డాడనలేం. 'నేను చేసింది తప్పు' అన్న అతని మాటకే అర్థం పోతుంది. మీ ఆందోళనలో ఉన్న మంచి భాగం వేరు: ఇతరులను తొందరపడి తీర్పు తీర్చకూడదన్నది. దాన్నీ అశోకుడు పన్నెండో శాసనంలో పెట్టాడు. తన మతాన్ని పొగడడంలో, ఇతరుల మతాన్ని తెగడడంలో నాలుక అదుపులో ఉండాలన్నాడు. గమనించండి, 'ఓర్పు ఉండాలి' అన్నది కూడా అన్ని కాలాలకూ వర్తిస్తుందని చెప్పే సూత్రమే. ఎవరిది వారికి సరి అనే సాపేక్షవాదం దాన్ని నిలబెట్టలేదు.

ప్రశ్న (పత్తికొండ): తొలకరి పడితే మా దిక్కు చేలల్లో వజ్రాలు ఎతుకుతారు. ఒక కూలామెకు రాయి దొరికితే, విలువ లక్షల్లో ఉంటుందని తెలిసిన ఒకతను "ఉత్త రంగురాయి" అని చెప్పి 20,000కు కొన్నాడనుకుందాం. ఆమె ఆ డబ్బుతో అప్పు తీర్చుకొని సంతోషంగా ఉంది. నిజం ఆమెకు ఎప్పటికీ తెలియదు. బాధపడినవారే లేనప్పుడు తప్పు ఎక్కడుంది అని నా స్నేహితుడు అడుగుతాడు.

జవాబు: మీ స్నేహితుడు 'అనుభవించిన బాధే నష్టం' అన్న మెట్టును దాచాడు. దాన్ని పైకి తీసి చూడండి. అది నిజమైతే, మోసం ఎంత నేర్పుగా దాస్తే అంత తక్కువ తప్పవుతుంది. ఎన్నటికీ దొరకని మోసగాడు అందరికన్నా నిర్దోషి కావాలి. ఈ ఫలితం చాలు, ఆ మెట్టు పుచ్చిందని చెప్పడానికి.

సుఖదుఃఖాల లెక్కతోనే నడుద్దామన్నా అతని లెక్క తప్పే. ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ 1789లో రాసిన నాటి నుంచి ఈ మార్గంలో నడిచినవారెవరూ ఒక పనిని 'ఏమీ జరగకపోవడం'తో పోల్చి ఊరుకోరు. చేయగలిగిన మిగతా పనులతో పోలుస్తారు. 20,000ను సున్నాతో పోలిస్తే ఆమెకు లాభం. నిజం చెప్పి ఉంటే వచ్చే లక్షలతో పోలిస్తే నష్టం. ఎక్కువమంది జారేది ఇక్కడే, దేనితో పోల్చాలో ఎంచుకోవడం దగ్గర.

కాంట్ పరీక్ష ఇక్కడ బాగా పనిచేస్తుంది, సరిగ్గా చేస్తే. మొదట ఆ పని వెనుక ఉన్న నియమాన్ని రాయండి. ఏ పరిస్థితిలో, ఏ పని, దేనికోసం అన్న మూడూ అందులో ఉండాలి: 'అమ్మేవారికి విలువ తెలియనప్పుడు, చవగ్గా కొనడం కోసం, అబద్ధం చెబుతాను.' తర్వాత, విలువ తెలిసిన ప్రతివాడూ ఇదే నియమంతో నడిచే లోకాన్ని ఊహించండి. ఆ లోకంలో ఈ పని తన ప్రయోజనాన్ని సాధించగలదా? కొనేవాడు 'రంగురాయి' అన్న ప్రతిసారీ అది వజ్రమేనని అందరికీ తెలిసిపోతుంది. అబద్ధం పారదు. నియమం తనకు తానే అడ్డుపడింది.

ఈ పరీక్ష మూడుచోట్ల చెడుతుంది. నియమాన్ని మరీ ఇరుకుగా రాస్తే, 'జొన్నగిరిలో, జూన్‌లో, నీలం చీర కట్టిన ఆమెతో' అన్నట్టు, ఏదైనా నెగ్గుతుంది. చీర రంగు వేరైనా అతను అదే పని చేసేవాడా అని అడగండి. చేసేవాడైతే ఆ వివరం తీసేయాలి. రెండోది, 'అందరూ అలా చేస్తే వ్యాపారం దెబ్బతింటుంది, కాబట్టి తప్పు' అనడం. పరీక్ష అడిగేది చెడు జరుగుతుందా అని కాదు, ఆ పని అసలు సాధ్యమా అని. మూడోది ఎక్కువమంది గమనించనిది. 'అందరికన్నా ముందు చేనికి చేరతాను' అన్న నియమం కూడా ఈ పరీక్షలో ఓడుతుంది, ఎందుకంటే అందరూ ముందు చేరలేరు. అయినా తెల్లవారుజామున లేవడం పాపం కాదు. అందుకే ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

కాంట్‌దే రెండో సూత్రం పక్కన పెట్టుకోండి: మనిషిని కేవలం సాధనంగా వాడకూడదు. ఆమె ఒప్పుకున్నది రంగురాయిని అమ్మడానికి. వజ్రాన్ని అమ్మడానికి ఆమెను ఎవరూ అడగనే లేదు. ఆ అడగకపోవడం దగ్గరే తప్పు ఉంది. అది బేరం రోజునే పూర్తయిపోయింది. ఆమెకు తెలియడం, తెలియకపోవడం దానికి కలిపేదీ లేదు, తీసేదీ లేదు.

అతను అబద్ధం చెప్పకుండా నోరు మూసుకొని '20,000 ఇస్తా' అని మాత్రమే అని ఉంటే? ఇది ఇంకా కష్టం. క్రీస్తుపూర్వం 44లో రోమన్ రచయిత సిసిరో దీన్నే పట్టుకున్నాడు. కరువులో ఉన్న రోడ్స్ దీవికి ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం తెచ్చాడు. వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా? ఇద్దరు స్టోయిక్ తత్వవేత్తల్లో చెప్పక్కర్లేదని బాబిలోన్ డయోజినిస్, చెప్పాలని యాంటిపేటర్. సిసిరో చెప్పాలన్న పక్షం తీసుకున్నాడు. మా అభిప్రాయంలో, ఇద్దరూ రాళ్ల వ్యాపారులే అయితే మౌనం బేరంలో భాగం. ఒకరికి క్యారెట్ల లెక్క తెలిసి, ఇంకొకరికి కూలి లెక్క మాత్రమే తెలిసినప్పుడు మౌనమూ అబద్ధం చేసే పనే చేస్తుంది. చేను ఎవరిది, ఖనిజం మీద హక్కు ఎవరిది అన్నవి చట్టం ప్రశ్నలు, వాటిని ఇందులో కలపకండి.

ప్రశ్న (మైదుకూరు): మా ఇంట్లో అందరం బ్రహ్మంగారి మఠానికి పోతాం. జరగబోయేది కాలజ్ఞానంలో ముందే చెప్పి ఉందని నమ్ముతాం. ముందే తెలిసిందైతే చేసినవాడి తప్పేముంది? మా చిన్నాయన తన తాగుడుకు "నా తలరాత" అంటాడు, మేము ఏమనలేకపోతున్నాం.

జవాబు: తెలియడం వేరు, చేయించడం వేరు. పంచాంగంలో రాశారని గ్రహణం రాదు, గ్రహణం వస్తుంది కాబట్టి రాశారు. 'ముందే తెలిస్తే తప్పక జరుగుతుంది' అన్న వాక్యంలో 'తప్పక' ఎక్కడ అతుక్కుంటుందో చూడండి. తెలిసినదానికీ జరిగినదానికీ తేడా రాదన్నంత వరకు అది సరైనది. జరిగేది వేరేలా జరగడానికి వీల్లేదన్న అర్థంలో తీసుకుంటే, మొదటి అర్థం నుంచి ఇది రాదు. అయినా చిక్కు పూర్తిగా పోలేదు. ఎన్నడూ పొరబడని జ్ఞానం నిన్ననే ఉండి ఉంటే, నిన్నటిని మనం మార్చలేం కదా అన్న ప్రశ్న మిగులుతుంది. దేవుడి ఎరుకకు నిన్న, రేపు లేవని, అంతా ఒకేసారి చూపులో ఉంటుందని రోమన్ తత్వవేత్త బొయీథియస్ జవాబు. అది మీ నమ్మకానికి సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

తలరాత మాట మాత్రం కర్మసిద్ధాంతానికే ఎదురు. సంచితం పూర్వం పోగైన కర్మ, ప్రారబ్ధం అందులో ఇప్పుడు అనుభవిస్తున్నది. ఆగామి ఇప్పుడు చేస్తున్నదాని వల్ల పోగయ్యేది. ఇప్పుడు చేసేవాడే లేడంటే ఆగామికి చోటు లేదు. అంతా నియతి, దారపుండ విసిరితే విప్పుకుంటూ పోయినట్టు జన్మలు వాటంతటవే గడుస్తాయి అన్నది బుద్ధుడి కాలపు ఆజీవక గురువు మక్ఖలి గోసాలుడి సిద్ధాంతం. బుద్ధుడు దాన్ని అన్ని సిద్ధాంతాల్లోకీ నీచమైనదన్నాడు. మీ చిన్నాయన తెలియకుండా గోసాలుడి శిష్యుడయ్యాడు.

ఇక తప్పు ఎంతవరకు ఆయనది? మూడు అడగండి. ఎవరైనా బలవంతం చేశారా? ఏం చేస్తున్నాడో తెలియదా? తెలిసినా ఆపుకునే శక్తి లేదా? మొదటి రెండూ కావు. మూడోదాన్ని చూసే పద్ధతి ఒకటుంది: పెద్దవాళ్లు ఇంటికొచ్చిన రోజు సీసా దాస్తాడా? దాస్తే కారణాలకు ఆయన మనసు ఇంకా స్పందిస్తోంది. అయితే వ్యసనం ముదిరినవాడికి సాయంత్రం ఏడింటికి, గ్లాసు ముందున్నప్పుడు, ఆ శక్తి నిజంగానే తగ్గిపోతుంది. తాగి చేసినవాడికి మూలం తనలోనే ఉందని అరిస్టాటిల్ అన్నది ఇందుకే. తాగకుండా ఉండడం చేతిలో ఉన్న ఘడియ వెనక్కి జరుగుతుందే గానీ మాయం కాదు. ఆ ఘడియ మీ చిన్నాయనకు పొద్దున ఉంటుంది. కాబట్టి రాత్రి పోట్లాడకండి. పొద్దున, ఆయన మామూలుగా ఉన్నప్పుడు అడగండి: కూలి డబ్బు చిన్నమ్మ చేతికి నేరుగా ఇప్పించమంటావా, ఏ దారిన ఇంటికొస్తావు, మందు మాన్పించే డాక్టరు దగ్గరికి ఏ రోజు పోదాం.